పాత మోటార్‌సైకిల్ ఇంజిన్‌లో ఇరుకు చోట ప్లగ్ క్యాపులు అమర్చడం

ఇరుకు చోట ప్లగ్ క్యాపు (స్పార్క్ ప్లగ్గు తలకు వైరును కలిపే మూత) బిగించడంలోని కష్టం క్యాపును నొక్కేటప్పుడు బయటపడుతుంది గాని, దాని మూలం అంతకు ముందే, వైరును ఎంత పొడవు ఉంచాం, ఏ కోణం క్యాపును ఎంచుకున్నాం అన్న దగ్గర ఉంటుంది. నాలుగు సిలిండర్ల పాత ఇంజిన్లలో బయటి రెండు ప్లగ్గులు సులభంగా అందుతాయి. లోపలి రెండింటి దగ్గర మాత్రం చెయ్యి దూరితే చూపు ఆనదు, చూపు ఆనితే చెయ్యి దూరదు. కాబట్టి బల్ల మీద చేయగలిగినదంతా అక్కడే ముగించి, ఇంజిన్ దగ్గర ఒక్క నొక్కుడు మాత్రమే మిగిలేలా పనిని అమర్చుకోవాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాత పెట్రోలు ట్యాపు కట్టి, ట్యాంకును దించి పక్కన పెట్టాలి. ట్యాంకు తీయకుండానే కానిచ్చేద్దామన్న ఆలోచన వల్ల పగిలిన పింగాణీలు, చెడిన మరలు ఎన్నో ఉన్నాయి. వైర్లు ఊడదీసే ముందు ప్రతిదానికీ అంకె వేసిన టేపు చుట్టాలి. 1969లో వచ్చిన హోండా సీబీ750లో ఒక కాయిల్ (నిప్పురవ్వకు కావలసిన అధిక వోల్టేజీని తయారుచేసే తీగచుట్ట) 1, 4 సిలిండర్లకు, రెండోది 2, 3 సిలిండర్లకు ఒకేసారి నిప్పురవ్వ ఇస్తుంది గనుక, ఒకే కాయిల్ వైర్లు తమలో తాము తారుమారైనా ఇంజిన్ మామూలుగానే నడుస్తుంది; ఒకదాని వైరు రెండోదాని చోటికి పోతే మాత్రం సరిగా నడవదు.

పాత ప్లగ్గును విప్పే ముందు దాని చుట్టూ ఉన్న ఇసుకను గాలితో ఊదివేయాలి, లేకపోతే అది నేరుగా సిలిండర్‌లోకి జారుతుంది. కొత్త ప్లగ్గు పింగాణీ కొనకు జానెడు రబ్బరు పెట్రోలు పైపు తొడిగి, ఆ పైపును వేళ్లతో తిప్పుతూ మరలు పట్టించడం నాకు తెలిసిన అన్నిటికంటే మంచి ఉపాయం. మర అడ్డంగా పడితే రబ్బరు తనంతట తానే జారిపోతుంది, అల్యూమినియం హెడ్డు బతికిపోతుంది. ప్లగ్గు ఆసాంతం వేళ్లతోనే దిగిన తరువాత బాక్సు పానా వేయాలి. వాషరు కొత్తదైతే, 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు అక్కడి నుంచి సగం చుట్టు మొదలుకొని మూడింట రెండు వంతుల చుట్టు వరకు చాలు. ఒకసారి నలిగిన వాషరైతే చుట్టులో పన్నెండో వంతు సరిపోతుంది. పానా పక్కకు ఒరిగితే పింగాణీకి కంటికి కనబడని పగులు పడుతుంది.

ఇక క్యాపు సంగతి. తిన్ననివి, 90 డిగ్రీల వంపువి, 102, 120 డిగ్రీలవి కూడా దొరుకుతాయి. ట్యాంకు అడుగు దగ్గరగా ఉన్న చోట 90 డిగ్రీలది తక్కువ ఎత్తు తీసుకుంటుంది. కొన్ని క్యాపులు ప్లగ్గు కొసనున్న చిన్న నట్టును పట్టుకుంటాయి, కొన్ని ఆ నట్టు తీసేసిన సన్న మర మీద కూర్చుంటాయి. ఇది ముందే చూసుకోకపోతే ఎంత నొక్కినా క్యాపు దిగదు. వైరు కొసను అయిదారు మిల్లీమీటర్లు కోస్తే మెరిసే రాగి బయటపడాలి. నల్లబడిన రాగి కనిపిస్తే ఇంకొంచెం కోయాలి. క్యాపులోని మర రాగి పోగుల మధ్యకు దిగేలా గడియారపు ముల్లు దిశలో తిప్పాలి. కార్బన్ పోగున్న వైరుకు ఈ రకం క్యాపు పనికిరాదు. రెసిస్టర్ క్యాపులో, అంటే లోపల విద్యుత్ నిరోధకం ఉన్న క్యాపులో, సాధారణంగా 5 కిలో ఓములు ఉంటాయి, మల్టీమీటరుతో చూసి అనంతం చూపించినదాన్ని, అంటే లోపల తెగినదాన్ని, పారవేయాలి.

ఇప్పుడు వైరు దారి చూడాలి. అది ఫిన్నులకు (ఇంజిన్‌ను చల్లబరిచే రెక్కలకు), ఫ్రేము అంచులకు ఒరుసుకోకూడదు, హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పినా లాగుకోకూడదు. ట్యాంకుకూ క్యాపుకూ మధ్య సందు ఎంతో తెలియాలంటే, క్యాపు మీద మెత్తని మైనపు ముద్ద పెట్టి, ట్యాంకును దాని రబ్బర్ల మీద కూర్చోబెట్టి మళ్లీ ఎత్తాలి. నలిగిన ముద్ద మందమే ఆ సందు. అది పూర్తిగా పలచబడితే క్యాపును కొంచెం పక్కకు తిప్పాలి, లేదా వేరే కోణంది తేవాలి, ఎందుకంటే ట్యాంకుకు తగిలిన క్యాపు అదురుకు అరిగిపోతుంది.

చివరగా, రబ్బరు మూతి లోపలి అంచుకు సిలికాన్ గ్రీజు పలచగా రాసి, క్యాపును ప్లగ్గు నిలువుకు సరిగ్గా నొక్కాలి. టక్కుమన్న చిన్న శబ్దం చెవికి రాకపోయినా వేలికి తెలుస్తుంది. తరువాత వైరును కాక క్యాపునే పట్టి మెల్లగా లాగి చూడాలి, ఊడకూడదు. ట్యాంకు అమర్చిన పిమ్మట, గాలి ఆడే చీకటి చోట ఇంజిన్‌ను ఐడిల్‌లో నడిపి, ఏ వైరు దగ్గరైనా కరెంటు బయటికి దూకుతున్న నీలి మెరుపు కనిపిస్తే, చేయి పెట్టకుండా ఇంజిన్ ఆపి, ఆ వైరునే మళ్లీ విప్పాలి.