పాలపన్ను ఊడకముందే వెనక కొత్తది వచ్చేస్తే

మా పాపకి ఆరేళ్లు నిండిన నెలకే కింది ముందు పన్ను కదలడం మొదలైంది, ఒకరోజు బ్రష్ చేయిస్తూ చూస్తే దాని వెనకాలే ఇంకో పన్ను, రంపం అంచులా నొక్కులతో, అప్పటికే పైకి వచ్చేసి ఉంది. నాకు ఒకటే టెన్షన్. ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో మా వీధి పళ్ల డాక్టరమ్మ చూసి నవ్వేశారు. కింది పళ్లకి ఇది మామూలేనట, పాతది ఊడిపోయాక నాలుక తోసే తోపుకి కొత్తది మెల్లగా ముందుకి జరుగుతుందట. కదులుతున్న పన్నుని పిల్లలే నాలుకతో ఆడించుకోనివ్వండి. దారం కట్టి లాగడం మా నాన్నమ్మ పద్ధతి, అది మాత్రం వద్దు. వెనకది వచ్చి రెండు మూడు నెలలైనా ముందుది గట్టిగానే ఉంటే చూపించండి. ఊడాక రక్తం వస్తే శుభ్రమైన గుడ్డ మడిచి కాసేపు కొరికి పట్టుకోమంటే చాలు.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. దాదాపు ఈ వయసులోనే పాలపళ్ల వెనక, చిట్టచివర, ఒక దవడ పన్ను వస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి చాలామంది అదీ పాలపన్నేలే అని వదిలేస్తారు, కానీ అది మళ్లీ రాదు! పిల్లల బ్రష్ అంతదాకా వెళ్లదు, రాత్రిపూట మీరే బ్రష్ అడ్డంగా పెట్టి తోమండి.

ఊడిన పన్ను ఇంటి పెంకుల మీదకి విసరమని అమ్మ ఫోన్లో ఒకటే గోల. అపార్ట్‌మెంట్లో పెంకులెక్కడివి, లిఫ్టెక్కి టెర్రస్ మీద ట్యాంకు పక్కకి విసిరి వచ్చాం.