డిటెక్టర్‌తో వెతుకులాట – 4వ పాఠం: ఏ నేలకు ఏ మెషిన్?

మూడో పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను, గుర్తుందా? ఎవరి దగ్గరైనా మెటల్ డిటెక్టర్ అరువు తెచ్చుకుని, ప్లాస్టిక్ కుర్చీ మీద మూడు వస్తువులు విడివిడిగా పెట్టమన్నాను. ఒక సన్నపాటి బంగారు ఉంగరం, ఉండ చేసిన చాక్లెట్ రేకు కాగితం, ఒక పాత వెండి నాణెం. కాయిల్‌ని, అంటే కర్ర చివర ఉండే తీగ చుట్టల పళ్లేన్ని, వాటి మీదుగా ఊపుతూ తెర మీద వచ్చే అంకెలు రాసుకోమన్నాను.

చేసినవాళ్లలో సగం మంది మెషిన్ పాడైందనుకుని ఉంటారు. వెండి నాణేనికి పెద్ద అంకె వచ్చింది, బాగానే ఉంది. ఉంగరానికీ చాక్లెట్ కాగితానికీ మాత్రం పక్కపక్క అంకెలే వచ్చి ఉంటాయి. మెషిన్ పాడవలేదు. దానికి బంగారం అంటే ఏమిటో తెలియదు, అంతే. కాయిల్ కిందికి లోహం వచ్చినప్పుడు అందులో సుడులు తిరిగే కరెంటు పుడుతుందని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. ఆ సుడి ఎంత బలంగా ఉంది, ఎంతసేపు నిలిచింది అన్నదే మెషిన్‌కు అందే కబురు. మందపాటి వెండి నాణెంలో అది ఎక్కువసేపు నిలుస్తుంది. సన్న ఉంగరంలోనూ రేకులోనూ చప్పున చల్లారిపోతుంది. పెట్టె మీద ఎంత పెద్ద అక్షరాలతో ‘గోల్డ్ మోడ్’ అని రాసినా ఈ సంగతి మారదు. రేకు ముక్కలు తవ్వడానికి ఒళ్లు వంగనివాడికి ఉంగరం దొరకదు.

ఇక ఈ పాఠం అసలు విషయం. నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది: “అన్నా, బంగారానికి, కాయిన్స్‌కి, బీచ్‌కి అన్నిటికీ పనికొచ్చే బెస్ట్ మెషిన్ ఒకటి చెప్పు.” నేను ఎదురు ప్రశ్న వేస్తాను: వచ్చే నాలుగు శనివారాలు ఎక్కడికి వెళ్తావు? మెషిన్లను ఒకదానితో ఒకటి పోల్చేముందు నేలల్ని పోల్చుకోవాలి. నేను ఉండేది మెల్‌బోర్న్‌లో కాబట్టి ఉదాహరణలన్నీ విక్టోరియా రాష్ట్రంవే ఇస్తాను. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు మీ నేలకు తగ్గట్టు మార్చుకోండి.

నాణేలు

ఇది తేలిక పని, త్వరగా ముగిద్దాం. పార్కు గడ్డిలో, పాత పిక్నిక్ స్థలాల్లో నాణేలు వెతకడానికి 5 నుంచి 15 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ మధ్య (అంటే కాయిల్‌లో కరెంటు సెకనుకు అన్ని వేలసార్లు ఊగుతుంది) పనిచేసే మామూలు మెషిన్ ఏదైనా చాలు. గారెట్ ఏస్ 250 అయితే 6.5 కిలోహెర్ట్జ్, నోక్తా సింప్లెక్స్ ప్లస్ అయితే 12. ఆస్ట్రేలియా డాలర్లూ సెంట్లలోకి మారింది 1966 ఫిబ్రవరి 14న. అంతకుముందు నడిచిన షిల్లింగులు, ఆరు పెన్నీల బిళ్లలు వెండివి. 1945 దాకా వాటిలో 92.5 శాతం వెండి ఉండేది, 1946 నుంచి సగానికి తగ్గించారు. వెండి సిగ్నల్ గంట కొట్టినట్టు వస్తుంది, చవక మెషిన్ కూడా దాన్ని వదలదు.

ఇక్కడ పోల్చాల్సింది లోతు కాదు, వేగం. నాణెం పక్కనే తుప్పు మేకు ఉంటే, మేకు శబ్దం చెప్పి తేరుకుని నాణెం శబ్దం చెప్పడానికి మెషిన్‌కు ఎంతసేపు పడుతుంది? పాత మెషిన్లు ఇక్కడే దొరికిపోతాయి. ఇంట్లోనే పరీక్షించొచ్చు: మేకు, దానికి జానెడు దూరంలో నాణెం పెట్టి కాయిల్ ఊపండి. ఆ దూరం తగ్గిస్తూ పోండి. రెండు శబ్దాలు కలిసిపోయి ఒకటయ్యే దూరం రాసుకోండి. ఏ మెషిన్‌కు ఆ దూరం తక్కువగా ఉంటే అది చెత్త ఎక్కువున్న పార్కుకు మంచిది.

బంగారం

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే డబ్బులు పోయేది ఇక్కడే. నావీ పోయాయి.

నాణేల కోసం తయారైన పాత మెషిన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ పేరు వద్దులెండి, తప్పు దానిది కాదు. దాన్ని పట్టుకుని విక్టోరియాలో బంగారానికి పేరున్న డనోలీ ఊరి బయట అడవిలోకి వెళ్లాను. మన అనంతపురం వైపు కనిపించేలాంటి ఎర్రనేల, మధ్యమధ్యలో తెల్ల పలుగురాళ్లు. రోజంతా మెషిన్ ఎర్రరాయి కనిపించినప్పుడల్లా అరిచింది. సాయంత్రానికి నా సంచిలో పదకొండు సీసపు గుళ్లు, ఒక బెల్టు బకిల్ ఉన్నాయి. దూరంగా ఒక ముసలాయన వంగి ఏదో తీశాడు. వెళ్లి చూస్తే అరచేతిలో రెండు గురిగింజల ఎత్తు బంగారం, అంటే పావు గ్రాము. “నీ మెషిన్‌తో దీన్ని విని చూడు” అని నేల మీద పెట్టాడు. నేను కాయిల్‌ని దానికి ఆనించి మరీ ఊపాను. చప్పుడే లేదు. మర్యాదగా థ్యాంక్స్ చెప్పి కారెక్కాను.

ఎందుకలా? జల్లెడలు గుర్తు తెచ్చుకోండి. వడ్లు జల్లించే జల్లెడలో రవ్వ నిలవదు, పిండి జల్లెడ కావాలి. తక్కువ ఫ్రీక్వెన్సీ పెద్ద కన్నాల జల్లెడ లాంటిది. నాణెం నిలుస్తుంది, బంగారు రవ్వ జారిపోతుంది. అందుకే చిన్న బంగారం కోసం చేసిన మెషిన్ల ఫ్రీక్వెన్సీ ఎక్కువ: మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 పనిచేసేది 45 కిలోహెర్ట్జ్ దగ్గర, ఫిషర్ గోల్డ్ బగ్ 2 అయితే 71 దగ్గర. కానీ సన్న జల్లెడకు ఒక కష్టం ఉంది, దుమ్మూ అందులోనే నిలుస్తుంది. ఇనుప రేణువులు నిండిన ఎర్రమట్టిలో ఈ మెషిన్లు నేలనే లోహం అనుకుని గోల చేస్తాయి, లేదా సెన్సిటివిటీ తగ్గించుకోవాల్సి వస్తుంది. తగ్గించగానే లోతు పోతుంది.

ఇంతవరకూ చెప్పుకున్న మెషిన్లన్నీ వీఎల్ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ) రకం. అంటే పంపడం, వినడం ఒకేసారి చేస్తాయి. పెళ్లిపందిట్లో మేళం మోగుతుండగా పక్కవాళ్ల మాట వినడం లాంటి పని అది. పల్స్ ఇండక్షన్ అనే రెండో రకం అలా చేయదు. ఒక్కసారి గట్టిగా పల్స్ పంపి, ఆపేసి, ఆ నిశ్శబ్దంలో వింటుంది. నేల ఇచ్చే స్పందన అప్పటికి చాలావరకు అణగిపోయి ఉంటుంది, లోహంలో సుడి ఇంకా మిగిలి ఉంటుంది. పూర్తిగా అణగదు, అందుకే వీటికి కూడా గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేల గోలను తీసేసే సర్దుబాటు, ఉంటుంది. అయినా విక్టోరియా ఎర్రనేలలో తేడా ఏమిటో ఒక్క గంటలో తెలిసిపోతుంది. మైన్‌ల్యాబ్ ఎస్‌డీసీ 2300, జీపీఎక్స్ 5000, జీపీఎక్స్ 6000 ఈ రకానివే. మైన్‌ల్యాబ్ పుట్టింది ఆస్ట్రేలియాలోనే, 1985లో, అడిలైడ్‌లో. ఈ నేల బాధ వాళ్లకు తెలుసు మరి.

పల్స్ మెషిన్‌కు రెండు లోపాలు. ఒకటి ధర: కొత్త జీపీఎక్స్ కొనే డబ్బుతో నడిచే స్థితిలో ఉన్న పాత కారు వస్తుంది. రెండు, ఇనుమేదో బంగారమేదో అది నమ్మకంగా చెప్పలేదు. గని కూలీల బూట్ల మేకులు, తూటా ముక్కలు, తీగలు, అన్నీ తవ్వాల్సిందే. నేను ఇప్పుడు వాడేది పాత పల్స్ మెషిన్. రోజుకు నలభై గుంటలు తవ్వి ఖాళీ చేతులతో వచ్చిన శనివారాలే ఎక్కువ.

మరి మామూలు మెషిన్‌తో బంగారం దొరకదా? పెద్దది, పైపైన ఉంటే దొరుకుతుంది. 1980లో విక్టోరియాలోని కింగోవర్ దగ్గర కెవిన్ హిల్లియర్‌కు డిటెక్టర్‌తో దొరికిన ‘హ్యాండ్ ఆఫ్ ఫెయిత్’ ముద్ద బరువు 27 కిలోలకు పైమాటే. ఇప్పటి చవక మెషిన్ కూడా దాని మీద గొంతు చించుకుని అరుస్తుంది. కానీ అలాంటి ముద్ద కోసం మెషిన్ ఎంచుకోవడమంటే లాటరీ టికెట్ చూసి ఇల్లు బుక్ చేసుకోవడమే. అక్కడ మనకు తగిలేది గురిగింజల లెక్కలో ఉండే బంగారం. మెషిన్‌ను దాని మీదే పరీక్షించండి. కొనే ముందు షాపులో అర గ్రాము లోపు ముక్క ఒకటి ఉందా అని అడగండి. బంగారం వెతికే మెషిన్లు అమ్మే షాపుల్లో సాధారణంగా ఉంటుంది. నాణెం చూపించి లోతు గురించి చెబితే ఆ మాట పక్కన పెట్టండి.

బీచ్

బీచ్ అంటే ఒక నేల కాదు, మూడు. పొడి ఇసుక, అలలు తడిపే ఇసుక, నీళ్లు. పొడి ఇసుకలో నాణేల మెషిన్ హాయిగా పనిచేస్తుంది. నాలుగడుగులు ముందుకేసి తడి ఇసుకలో పెట్టగానే అదే మెషిన్ పూనకం వచ్చినట్టు ఊగిపోతుంది. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది కాబట్టి మెషిన్‌కు ఆ ఇసుకంతా ఒక పల్చటి లోహపు రేకులా వినిపిస్తుంది.

దీనికి మందు ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడే మెషిన్. ఒక్కో ఫ్రీక్వెన్సీలో ఉప్పు ఒక్కోలా పలుకుతుంది, ఆ తేడా చూసి దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్, వాన్‌క్విష్ వరసలు రెండూ ఇలా చేస్తాయి. కానీ కొనేటప్పుడు ఒక మాట జాగ్రత్తగా చదవండి. ఈక్వినాక్స్ 800ను 3 మీటర్ల లోతు దాకా నీళ్లలో ముంచొచ్చు. వాన్‌క్విష్‌లో తడవొచ్చినది కాయిల్ ఒక్కటే, పైనున్న పెట్టె తడిస్తే అంతే సంగతులు. ప్రకటనల్లో ‘వాటర్‌ప్రూఫ్’ అనే మాట రెండిటికీ వాడేస్తారు. నడుములోతు నీళ్లలో వెతికేవాళ్లు గారెట్ సీ హంటర్ లాంటి పల్స్ మెషిన్లు కూడా వాడతారు. ఉప్పును అవి లెక్కచేయవు, కానీ తలపిన్నులన్నీ ఏరుతూ కూర్చోవాలి.

పలు ఫ్రీక్వెన్సీల మెషిన్ కూడా ఒక చోట మోసపోతుంది. సన్నటి గొలుసు సిగ్నల్ ఉప్పు సిగ్నల్‌కు చాలా దగ్గరగా ఉంటుంది. ఉప్పును తీసేస్తే గొలుసూ పోతుంది. అందుకే బీచ్‌లో ఉంగరాలు దొరికినంతగా గొలుసులు దొరకవు. ఉంగరాలు రాలడానికి కారణం వేరే ఉంది. చల్లటి నీళ్లలో వేళ్లు సన్నబడతాయి, దానికి తోడు సన్‌స్క్రీన్ జారుడు.

ఏ మెషిన్ కొన్నా, బీచ్‌లో దానికన్నా ఎక్కువ పనిచేసేది తుఫాను. అలలు పై ఇసుకను కోసుకుపోతే ఏళ్ల తరబడి కిందికి దిగిన బరువైన వస్తువులు అందే లోతుకు వస్తాయి. ఇది ఉప్పాడవాళ్లకు మనం చెప్పక్కర్లేదు. 2020లో నివర్ తుఫాను తర్వాత అక్కడ జనం డిటెక్టర్ లేకుండానే, చేతులతో ఇసుక గాలిస్తూ బంగారు రవ్వలు ఏరుకున్నారు. ఫ్లోరిడాలోనూ అంతే. 1715 జులైలో హరికేన్‌కు మునిగిన స్పెయిన్ నౌకల నాణేలు పెద్ద గాలివానల తర్వాతే ఒడ్డున కనిపిస్తుంటాయి. కాబట్టి బీచ్ కోసం ఖర్చు పెట్టాలనుకున్న దాంట్లో కొంత మంచి జల్లెడ గరిటెకు దాచి, వాతావరణ సూచన చూడటం అలవాటు చేసుకోండి.

కొనకూడనిది

యూట్యూబ్‌లో తెలుగులో కూడా వస్తున్న ప్రకటనలు కొన్ని పంపి మీలో కొందరు నా అభిప్రాయం అడిగారు. చేతిలో రెండు యాంటెన్నా పుల్లలు, ‘వంద మీటర్ల దూరంలో, పది మీటర్ల లోతులో గుప్తనిధిని చూపిస్తుంది’ అని మాట. మనం నేర్చుకున్నది గుర్తు చేసుకోండి: నాణెం సిగ్నల్ అడుగు లోతుకే సన్నగిల్లిపోతుంది. పుల్లల మెషిన్ చేతి వణుకును చూపిస్తుంది, అంతే. ఇలాంటి పుల్లల పరికరాన్నే బాంబులు పసిగడుతుందని ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలు వేసింది. దాని మూలం గోల్ఫ్ బంతులు వెతకడానికంటూ అమ్మిన బొమ్మ వస్తువు.

ఆంధ్ర, తెలంగాణల నుంచి చదువుతున్నవాళ్లకు ఒక్క మాట. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలి. పాత కోటలు, గుళ్ల దగ్గర మెషిన్ బయటికే తీయకండి.

ఈసారి అభ్యాసం

ముగ్గురికి మెషిన్ ఎంచండి. కారణం రెండు వాక్యాల్లో రాయండి.

ఒకరు: సెయింట్ కిల్డా బీచ్‌కు నడిచి వెళ్లే దూరంలో ఉంటారు, మోకాలి లోతు దాటి దిగరు, బడ్జెట్ తక్కువ.

రెండోవారు: నెలకోసారి డనోలీ వైపు వెళ్తారు, నడుము నొప్పి ఉంది, మేకులు తవ్వే ఓపిక లేదు. (జీపీఎక్స్ 6000 బరువు 2.1 కిలోలు. లెక్కలోకి తీసుకోండి.)

మూడోవారు: ఇంటి పెరట్లో పోయిన పెళ్లి ఉంగరం వెతకాలి, మళ్లీ మెషిన్ ముట్టుకోరు.

మూడో ప్రశ్నకు తొందరపడి మోడల్ పేరు రాయకండి. జవాబులు ఐదో పాఠంలో చూద్దాం. ఆ పాఠం గ్రౌండ్ బ్యాలెన్స్ మీద కాబట్టి ఈలోగా ఒక ప్లాస్టిక్ బకెట్ నిండా ఎర్రమట్టి తెచ్చి పెట్టుకోండి. బకెట్ పిడి ఇనుపదైతే ఊడదీయండి.