నేను దాటాక మోగిన హెచ్చరిక

ఉప్పల్‌లో మా కాలనీ వెనక ఖాళీ రోడ్డు, ఆదివారం పొద్దున. తమ్ముడు స్కూటర్ మీద, నేను ఫోన్‌తో నడుస్తూ. నా ఫోన్ నేనెక్కడున్నానో పంపాలి, స్కూటర్‌కి కట్టిన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ అది చూసి, బండి నా దగ్గరికి రాకముందే మోగాలి. ఎక్కువ పంపితే మంచిదనుకుని సెకనుకు 50 సందేశాలు పెట్టాను. ఒక్క ఫోన్‌తో బాగానే ఉంది. పక్కింటివాళ్లవి కూడా అడిగి పది ఫోన్లు ఆన్ చేశాక, “అక్కా, నువ్వు దాటినంక మోగుతుంది ఇది!” అన్నాడు.

గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. సెకను పాతబడ్డ కబురుతో బ్రేకేసి లాభం లేదు.

మీరూ ఇలాంటిది కడుతుంటే ముందు సందేశం వయసు, అంటే అందులోని స్థానం ఎంత పాతదో కొలవండి. పంపిన సమయం కాదు, జీపీఎస్ ఆ స్థానాన్ని పట్టిన సమయం అందులో రాయాలి. ఫోన్లు మామూలుగా సెకనుకోసారే కొత్త స్థానం ఇస్తాయి. దాన్నే 50 సార్లు పంపితే 50 పాత కాపీలు, అంతే. రెండు వైపులా గడియారం జీపీఎస్ సమయానికే కలపండి. నేను కలపలేదు, కొన్ని సందేశాలు పుట్టకముందే చేరినట్టు లాగ్‌లో (సందేశాల చిట్టాలో) కనిపించాయి!

ఆలస్యానికి అసలు దొంగ క్యూనే. గాలిలో చోటు దొరక్క సందేశాలు వరసలో నిలబడతాయి, ముందు పాతదే బయటికొస్తుంది. వరస తీసేయండి. ఒక్క సందేశం పట్టే గది ఉంచి, కొత్తది రాగానే పాతదాన్ని చెరిపేయండి. ఈ ఒక్క మార్పుతోనే మా స్కూటర్ దారిలో పడింది.

తర్వాత పంపే వేగం. మరీ తక్కువ పంపినా, మరీ ఎక్కువ పంపినా కబురు పాతబడుతుందని కౌల్, గ్రుటెసర్, రాయ్, కెన్నీ అనే పరిశోధకులు 2011లోనే వాహనాల నెట్‌వర్క్‌లపై చూపించారు. బండ్లకి సెకనుకు 10 సందేశాలు మామూలు. నడిచే మనిషి పదో వంతు సెకనులో జానెడు కూడా కదలడు. అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద బస్సు కోసం నిలబడ్డవాళ్లకి సెకనుకొకటి చాలు; రోడ్డువైపు అడుగు పడగానే మాత్రం వెంటనే పంపాలి.

అందుకునే వైపు, పాత సందేశం చూపే చుక్క దగ్గరే మనిషి ఉన్నాడని నమ్మొద్దు. వయసు ఎన్ని సెకన్లో అన్ని ఒకటిన్నర మీటర్లు చుట్టూ వలయం పెంచండి. రెండు సెకన్లు దాటితే పారేయండి. మెట్రో వంతెన కింద జీపీఎస్ గెంతుతుంది, అక్కడ వలయం ఇంకా పెద్దదుండాలి.

లాగ్‌లో సగటు చూసి మురిసిపోకండి. అన్నిటికన్నా ముసలి సందేశం ఎంత పాతదో చూడండి. నేను దాటాక మోగింది అదే.