పాత ట్రక్కులో ఆటోమేటిక్ గేర్లు సరిగ్గా మారట్లేదా? గేర్‌బాక్స్ దించే ముందు ఇవి చూడండి

గేరు ఆలస్యంగా పడుతోందనో, మారేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు కుదుపుతోందనో చెప్పగానే ఎదుటివాళ్ల నోట వచ్చే మొదటి మాట "గేర్‌బాక్స్ పోయింది" అనే. తొందరపడకండి. పాత బళ్లలో తప్పు గేర్‌బాక్స్ బయటే ఉండే సందర్భాలు బోలెడు. తగ్గిన ఆయిలో, పగిలిన రబ్బరు పైపో, వదులైన కేబులో, తుప్పు పట్టిన కనెక్టరో అయ్యుండొచ్చు. అవన్నీ చూశాకే లోపలి సంగతి.

ముందు ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని బండి నడపండి, వాళ్ల చేత రాయించండి. ఏ గేరు నుంచి ఏ గేరుకు మారేటప్పుడు ఇబ్బంది వస్తోంది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, యాక్సిలరేటర్ కాస్త తొక్కితేనా పూర్తిగా తొక్కితేనా, అన్నీ. "గేర్లు సరిగ్గా పడట్లేదు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఒకటి, రెండు బాగున్నాయి, మూడులోకి వెళ్లగానే ఇంజిన్ రేస్ అవుతోంది కానీ బండి లాగట్లేదు" అంటే మూడో గేరు క్లచ్‌ని (పెడల్ లేకపోయినా ఆటోమేటిక్ లోపల క్లచ్‌లు ఉంటాయి) అనుమానించొచ్చు, సగం పని అయిపోయినట్టే.

తర్వాత గేర్‌బాక్స్ ఆయిల్. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. ఇంజిన్ ఆయిల్‌లా బండి ఆపేసి చూడకూడదు. కాసేపు నడిపి బాగా వేడెక్కాక, చదునుగా ఉన్న చోట హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ తొక్కి పట్టి లివర్‌ని అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి, ఇంజిన్ ఆడుతుండగానే డిప్‌స్టిక్ తీయాలి. చాలా బళ్లలో పార్క్‌లో పెట్టి చూస్తారు, పాత డాడ్జ్ ట్రక్కులు కొన్నింటిలో న్యూట్రల్‌లో చూడాలి, మాన్యువల్‌లో ఎలా ఉంటే అలా చేయండి. ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ప్రెషర్ పడిపోతుంది, డ్రైవ్‌లో వేశాక బండి రెండు మూడు సెకన్లు ఆలోచించుకుని గానీ కదలదు. ఎక్కువైనా మంచిది కాదు, తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, లక్షణాలు మళ్లీ అవే. రంగు ఎర్రగా ఉండాలి. నల్లగా మారి మాడు వాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్లు కాలాయని అర్థం. గులాబీ రంగు పాలలా కనిపిస్తే మాత్రం రేడియేటర్‌లో ఉండే కూలర్ పగిలి నీళ్లు కలిశాయేమో చూడాలి, ఆ బండిని ఇంక నడపొద్దు.

ఆయిల్ బాగుంటే, మీ గేర్‌బాక్స్‌కి ఇంజిన్ మీద పడుతున్న భారం ఎంతో ఎలా తెలుస్తుందో కనుక్కోండి. టర్బో 350, టర్బో 400, ఫోర్డ్ సీ6 లాంటి గేర్‌బాక్స్‌లలో ఆ పని వాక్యూమ్ మాడ్యులేటర్, అంటే ఇంజిన్ పీల్పు (వాక్యూమ్) ఎంతుందో పట్టే చిన్న డబ్బా, చేస్తుంది. ఇంజిన్ నుంచి దానికి వచ్చే పైపు పగిలినా ఊడినా, యాక్సిలరేటర్ మొత్తం తొక్కేశారనుకుని గేర్లు బాగా ఆలస్యంగా, గట్టిగా మారతాయి. ఆ పైపు ఊడదీసి చూడండి. లోపల ఎర్రటి ఆయిల్ కనిపిస్తే మాడ్యులేటర్‌లో పొర చిరిగింది, ఇంజిన్ గేర్ ఆయిల్ తాగుతోంది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ, ఎక్కడా లీకు లేకుండా ఆయిల్ తగ్గడం, రెండూ దీనివల్లే అయ్యుండొచ్చు. మార్చడం పెద్ద పని కాదు.

700ఆర్4 అయితే అక్కడ వాక్యూమ్ కాదు, కార్బ్యురేటర్ నుంచి వచ్చే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కింది గేరు వేసే కిక్‌డౌన్ కేబుల్ లాంటిదేలే అనుకోకండి. లోపలి ప్రెషర్ పెరగడం కూడా దాని మీదే ఆధారపడుతుంది. అది వదులుగా ఉంటే గేర్లు త్వరగా, మెత్తగా మారుతూ హాయిగా అనిపిస్తుంది, లోపల మాత్రం ప్రెషర్ చాలక క్లచ్‌లు జారి కాలిపోతుంటాయి. కేబుల్ అనుమానంగా ఉంటే సరిచేసేదాకా బండి తీయకపోవడమే మేలు.

ఎంత స్పీడు పెంచినా మొదటి గేరు వదలకపోతే, పాత హైడ్రాలిక్ రకాల్లో గవర్నర్ (బండి స్పీడును బట్టి పై గేరు పడేలా చేసే భాగం) ఇరుక్కుందేమో చూడండి.

4ఎల్60ఇ లాంటి ఎలక్ట్రానిక్ రకాల్లో కథ వేరు. సోలినాయిడ్లకు (గేర్లు మార్చే, కరెంటుతో పనిచేసే వాల్వులు) కరెంటు పోతే అది మూడో గేరులో ఉండిపోతుంది, అందుకే ఆగిన చోటు నుంచి కదలడానికి బండి ఈడుస్తుంది, మనమేమో ఇంజిన్‌లో బలం లేదనుకుంటాం. ఫ్యూజు, గేర్‌బాక్స్ పక్కనున్న పెద్ద కనెక్టర్, స్పీడ్ సెన్సర్, థ్రాటిల్ సెన్సర్ ఈ వరసలో చూసుకోండి. కోడ్లు చదివే పరికరం దొరికితే ఇంకా తేలిక. ఇదే గేర్‌బాక్స్‌లో రెండు, నాలుగు, రివర్స్ మూడూ ఒకేసారి పోతే మాత్రం బయట వెతికి లాభం లేదు, లోపల సన్ షెల్ అనే లోహపు భాగం విరిగి ఉండే అవకాశమే ఎక్కువ.

స్పీడు నిలకడగా ఉన్నప్పుడు గతుకుల మీద పోతున్నట్టు వణుకుతోందా? యాక్సిలరేటర్ అలాగే పట్టుకుని, రోడ్డు ఖాళీగా ఉన్న చోట, ఎడమ కాలితో బ్రేక్‌ని మెల్లగా తాకండి, కన్వర్టర్ లాకప్ (నిలకడ స్పీడులో ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా కలిపి పట్టే క్లచ్) వదులుతుంది. వణుకు అప్పుడే ఆగితే అనుమానం లాకప్ క్లచ్ మీదికి పోతుంది. ఆగకపోతే ముందు స్పార్క్ ప్లగ్గులు చూడండి. నేను ఒకసారి ఈ పరీక్ష చేయకుండా గేర్ ఆయిల్ రెండుసార్లు మార్చి, చివరికి పాడైన ఒక ప్లగ్ వైరు దగ్గర ఆగాను, ఇప్పటికీ సిగ్గే.

ఇవన్నీ అయ్యాక కింద పాన్ దించండి, బండిని జాకీ మీద మాత్రమే నిలబెట్టి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టండి. పాన్‌లో ఉండే అయస్కాంతం మీద బూడిద రంగు పేస్టు పల్చగా ఉంటే మామూలే. వేళ్లకు గుచ్చుకునే ఇనుప ముక్కలు, పసుపు రంగు లోహపు పొడి, నల్లటి క్లచ్ పొరల ముక్కలు కుప్పగా కనిపిస్తే కొత్త ఫిల్టర్ కొనకండి, ఆ డబ్బు రీబిల్డ్‌కి దాచుకోండి. పాన్ శుభ్రంగా ఉండి కూడా గేర్లు జారుతుంటే, విప్పించే ముందు టెస్ట్ పోర్టుకి ప్రెషర్ గేజ్ పెట్టించి, వచ్చిన అంకెలను మాన్యువల్‌లో ఉన్నవాటితో పోల్చి చూడమని మెకానిక్‌ని అడగండి.