“అక్కా, వెల్లుల్లి వేశారా?” : చిన్న షాపుకి వాట్సాప్, ఇన్‌స్టా ఎలా వాడుకోవాలో మా పచ్చళ్ళ కొట్టు అనుభవం

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్లి పక్కన మున్నేకొళాలలో పడ్డాం, ఇక్కడ ఏ సందులోకి తిరిగినా పీజీ హాస్టళ్ళు, ఏ పీజీ మెట్ల మీద చూసినా మనవాళ్ళే. మా అత్తయ్యా నేనూ పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతాం, ఇంటి కిందే చిన్న షట్టర్. తెలిసినవాళ్ళు కర్రీ పాయింట్ పెట్టినా, బ్లౌజులు కుట్టినా, టిఫిన్ బండి పెట్టినా నన్ను అడిగేది ఒకటే, “అక్కా మేమూ ఇన్‌స్టాలో రోజూ పెడుతున్నాం, లైకులు వస్తున్నాయి గానీ ఒక్క ఆర్డరూ రావట్లేదు, నువ్వేం చేస్తున్నావ్” అని. ఒక్కొక్కళ్ళకి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఇదిగో రాసేస్తున్నా.

ముందు ఒక నోటుబుక్కు కొనండి. జోక్ కాదు, పేపర్ నోటుబుక్కే. ఒక పది రోజులు కొట్టు దగ్గర గానీ ఫోన్లో గానీ జనం ఏం అడుగుతున్నారో వాళ్ళ మాటల్లోనే రాయండి, మీరు సరిదిద్దకండి. నా పుస్తకంలో మొదటి పేజీ ఇలా ఉంటుంది: వెల్లుల్లి వేశారా, ఏ నూనె, మరీ కారమా, అరకేజీ ఎంత, పీజీలో ఫ్రిజ్ లేదు పాడవదా, బెళ్లందూరు పంపుతారా, అమెరికా తీసుకెళ్తున్నాం సూట్‌కేస్‌లో కారకుండా కట్టిస్తారా. వీళ్ళలో ఒక్కరు కూడా మీ బ్రాండ్ కథేంటి అని అడగలేదు చూడండి. మనం ఏం పోస్ట్ చేయాలా అని రాత్రి పదకొండింటికి బుర్ర గోక్కుంటాం గానీ ఆ జాబితా జనమే రాసిచ్చారు. మా అత్తయ్య వెల్లుల్లి ఒలుస్తూ ఏ జాడీలో వేస్తామో ఏ జాడీలో వేయమో చెప్తుంటే ఫోన్ నిలబెట్టి తీశా, లైటింగ్ లేదు ఏం లేదు, వెనక కుక్కర్ విజిల్ కూడా వినపడుతుంది, ఇప్పటికీ మాకు ఆర్డర్లు తెచ్చే వీడియో అదే. కార్తీకం వచ్చే ముందు వెల్లుల్లి లేని వాటి లిస్టు విడిగా పెడతా, ఆ నెల తినని ఇళ్ళు చాలా ఉంటాయి కదా.

ఇక వాట్సాప్. నన్నడిగితే చిన్న కొట్టుకి సగం బలం ఇక్కడే, ఇన్‌స్టా తర్వాత. ఇంటి నంబరు వాడకుండా ఇంకో సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకోండి, ఫ్రీనే, మన దేశంలో 2018 నుంచీ ఉంది, అయినా ఇంకా మామూలు వాట్సాప్‌లోనే ధరలు టైప్ చేసుకుంటూ కూర్చునే వాళ్ళని చూస్తూనే ఉన్నా. అందులో క్యాటలాగ్ అని ఉంటుంది, ఒక్కో సరుకుకి ఫోటో, బరువు, ధర పెట్టేయాలి. ధర తప్పకుండా పెట్టండి. క్విక్ రిప్లైలు అని ఇంకోటి, నోటుబుక్కులో ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలకి జవాబులు ఒకసారి రాసి దాచుకుంటే తర్వాత స్లాష్ కొట్టి పేరు ఎంచుకుంటే మొత్తం వచ్చేస్తుంది, నేను నూనె గురించి, నిల్వ గురించి, డెలివరీ ఛార్జీ గురించి ఇలా పెట్టుకున్నా. కాకపోతే అది పంపాక కింద ఒక్క లైను సొంతంగా కలపండి, ఆ మనిషి పేరో, అడిగిన పచ్చడి పేరో, లేకపోతే మెషీన్ తో మాట్లాడినట్టుంటుంది.

దానంతటదే వెళ్ళే గ్రీటింగ్ మెసేజ్ దగ్గర అందరూ చేసే పని, “మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు, మా టీమ్ త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తుంది” అని పెట్టడం. మా టీమ్ అంటే నేనూ మా అత్తయ్యే, ఆవిడకి కళ్ళజోడు లేకపోతే మెసేజ్ కనపడదు. నాది ఇలా ఉంటుంది: “నమస్తే అండి, ఈ వారం ఏమున్నాయో క్యాటలాగ్‌లో ఉంది. పొద్దున 10 నుంచి రాత్రి 8 దాకా నేనే చూస్తా, ఆ తర్వాత పెడితే మర్నాడు పొద్దున జవాబిస్తా.” టైమ్ చెప్పేస్తే రాత్రి పన్నెండింటికి “హలో… హలో” అని పెట్టేవాళ్ళు సగానికి సగం తగ్గుతారు, మనకీ నిద్ర దక్కుతుంది. ఒక్కో చాట్‌కి గుర్తుగా అంటించే లేబుల్స్ కూడా వాడండి, నావి నాలుగే, డబ్బులు రావాలి, పార్సిల్ కట్టాలి, పంపేశాం, వెల్లుల్లి వద్దు. నాలుగోది ఎందుకంటే, ఒకసారి వెల్లుల్లి తినని ఆంటీకి మర్చిపోయి మామూలు ఆవకాయ పంపేశా, ఆవిడ ఏమీ అనలేదు, మళ్ళీ కొననూ లేదు.

బ్రాడ్‌కాస్ట్ అంటే ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపడం, దాని గురించి చాలామందికి తెలియని సంగతి, ఒక్కో లిస్టులో 256 మందిదాకా పెట్టొచ్చు గానీ మన నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ చేసుకుని ఉంటేనే మెసేజ్ వెళ్తుంది, లేకపోతే మనం పంపామనుకుంటాం, వాళ్ళకి చేరదు. అందుకే పార్సిల్ ఇచ్చేటప్పుడే “నంబరు సేవ్ చేసుకోండి అన్నా, గోంగూర వచ్చినప్పుడు చెప్తా” అని నోటితో అడగాలి. నెలకి రెండుసార్లు మించి పంపకండి, వద్దన్నవాళ్ళని వెంటనే తీసేయండి. గ్రూపు మాత్రం వద్దు, అడక్కుండా పీజీ అమ్మాయిల నంబర్లు రెండొందలమంది తెలియనివాళ్ళ ముందు పెట్టడం తప్పు, నేనైతే అలా చేర్చిన కొట్టులో మళ్ళీ కొనను. లక్షమందికి ఒకేసారి మెసేజ్ పంపుతాం అని సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళ జోలికి అసలు పోకండి, నంబరు బ్లాక్ అయితే మీ కస్టమర్లంతా దాంతోనే పోతారు.

రోజూ పెట్టాల్సింది స్టేటస్. ఇవాళ ఏం చేశాం, ఎన్ని మిగిలాయి, అంతే. కంది పొడి వేయిస్తున్న మూకుడు ఫోటో ఒకటి పెడితే చాలు, ఇంటి మీద బెంగ ఉన్నోడు ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని చూస్తాడు. శనివారం సాయంత్రం 6 నుంచి 7 దాకా కుందలహళ్లి మెట్రో బయట ఉంటాం అని స్టేటస్ పెడతాం, పర్పుల్ లైన్ 2023 అక్టోబర్‌లో పూర్తిగా వైట్‌ఫీల్డ్ దాకా తెరిచాక కనిపెట్టిన ఏర్పాటు ఇది, ఆర్డర్ పెట్టినవాళ్ళు దిగి తీసుకుని మళ్ళీ ఎక్కేస్తారు, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో డెలివరీ కుర్రాణ్ణి నిలబెట్టే ఖర్చు మాకు తప్పింది.

ఒక మాట, మనం ఉన్నది బెంగళూరు. తెలుగులో రాస్తే మనవాళ్ళకి ఇంట్లో పిలిచినట్టు ఉంటుంది, నిజమే, కానీ పక్కింటి కన్నడ ఆంటీ కూడా కొంటుంది కదా, అందుకని ప్రతి పోస్టు కింద ఒక్క లైన్ కన్నడలో పెడతా, ఉప్పినకాయి అని, కారం జాస్తినా కమ్మినా అని. మా ఓనర్ గారి అమ్మాయి రాసిస్తుంది, ఆ పిల్లకి నెలకో సీసా నిమ్మకాయ పచ్చడి. ఉగాది వాళ్ళకీ మనకీ ఒకే రోజు, ఆ వారం ఆర్డర్లు రెండు భాషల్లోంచీ వస్తాయి.

ఇన్‌స్టాకి వద్దాం. అకౌంట్‌ని ప్రొఫెషనల్‌గా మార్చుకుంటే ఎలాంటివాళ్ళు చూస్తున్నారో, ఏ ఊరినుంచో, ఏ టైమ్‌లో ఎక్కువ ఉంటున్నారో కనిపిస్తుంది. బయోలో 150 అక్షరాలే పడతాయి కాబట్టి కవిత్వం మానేసి ఏం అమ్ముతాం, ఎక్కడ, ఆర్డర్ ఎలా, ఇవి రాయండి, తిండి వ్యాపారమైతే ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు సీసా లేబుల్ మీద ఎలాగూ ఉండాలి, అది పేజీలో కూడా కనపడేలా పెడితే అడిగేవాళ్ళు అడగరు, నమ్మకం వస్తుంది. స్టోరీలు 24 గంటల్లో పోతాయి గనక ధరలు, డెలివరీ, ప్యాకింగ్ అని మూడు హైలైట్లు చేసి ప్రొఫైల్ మీద దాచండి. క్యాప్షన్లో లింకు పెడితే నొక్కడానికి రాదు, అది బయోలో పెట్టాలి. ఇంకా ఈ “ప్రైస్ డీఎం చేశాం అండి” జబ్బు ఒకటుంది, అంటే ధర అందరికీ చెప్పకుండా విడిగా మెసేజ్‌లో చెప్పడం, దయచేసి మానండి. ధర దాచిపెడితే మనిషిని బట్టి రేటు చెప్తారేమో అనే అనుమానం వస్తుంది, కొనేవాడు సిగ్గుపడి అడగడు, పక్క పేజీకి వెళ్తాడు.

రీల్‌కి సినిమా పాటే పెట్టాలని లేదు, బిజినెస్ అకౌంట్లకి హక్కుల గొడవ వల్ల చాలా పాటలు దొరకవు కూడా, దొరికాయి కదా అని ఎక్కడినుంచో తెచ్చి అంటిస్తే సౌండ్ తీసేస్తారు. పోపు చిటపట సౌండే వదిలేయండి, బాగుంటుంది. ఒక ఫుడ్ రీల్స్ కుర్రాడు వచ్చి ఫ్రీగా పచ్చళ్ళు తీసుకుని వీడియో చేశాడు మాకు, వ్యూస్ చూసి మా ఆయన పొంగిపోయాడు, ఆర్డర్లు మాత్రం ఆ వారం మామూలే, ఎందుకంటే చూసినవాళ్ళలో ఎక్కువమంది ఈ ఊరివాళ్ళే కారు. ఎవరితోనైనా చేయించుకునే ముందు వాళ్ళ ఇన్‌సైట్స్‌లో (చూసినవాళ్ళ లెక్కలు) ఊళ్ళు చూపించమని అడగండి, మొహమాటపడకండి. డబ్బులిచ్చినా, సరుకు ఊరికే ఇచ్చినా అది ప్రమోషన్ అని వీడియోలో చెప్పించాలి, 2021లో ప్రకటనల సంస్థ ఆస్కీ, 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ ఆ రూల్స్ పెట్టాయి.

ఇప్పుడు అసలు కష్టమైన పార్ట్, తిట్లు. పోయినేడు ఒక కస్టమర్‌కి కొరియర్లో ఆవకాయ పంపితే సీసా మూత వదులై నూనె మొత్తం కారి, డబ్బా విప్పేటప్పుడు ఆయన కొత్త చొక్కా కూడా పాడైంది, ఆయన ఫోటో తీసి స్టోరీ పెట్టి మా పేజీని ట్యాగ్ చేశాడు. నేనేం చేశానంటే, చేయకూడనిదే చేశా, “మేం బాగానే కట్టాం, తప్పు కొరియర్ వాళ్ళది” అని కామెంట్లో వాదించా, కింద ఇంకో పదిమంది చేరారు. అత్తయ్య చూసి, “కళ్ళల్లో కారం పడినోడు అరవకుండా ఉంటాడా, ముందు నీళ్ళియ్యి, తర్వాత ఎవరు పోశారో చూసుకోవచ్చు” అంది. అప్పుడు నా కామెంట్ కిందే ఇంకోటి రాశా, “తప్పు మాదే అండి, ఇప్పుడే ఫోన్ చేస్తున్నా” అని, ఫోన్ చేసి డబ్బు వెనక్కి పంపి వేరే సీసా పంపించాం, చొక్కా డబ్బు ఆయన వద్దన్నాడు. మేం అడక్కుండానే ఆయన మంచిగా ఇంకో స్టోరీ పెట్టాడు.

దాన్నుంచి నేను పెట్టుకున్న పద్ధతి: నలుగురిలో ఒక్క లైను ఒప్పుకోలు, మిగతా మాటలు ఫోన్లో, మెసేజుల్లో కాదు, ఫోన్లో గొంతు వినపడుతుంది. కామెంట్ డిలీట్ చేయొద్దు, స్క్రీన్‌షాట్ ఎలాగూ ఉంటుంది. పని అయ్యాక అదే కామెంట్ కింద ఏం చేశామో రాయాలి. తర్వాత మూతకి టేప్ చుట్టి, కవర్లో సీల్ చేసి సీసా తలకిందులుగా పట్టుకుని ఊపుతూ ఒక వీడియో పెట్టాం, అమెరికా వెళ్ళే పిల్లల అమ్మలు దాన్ని ఒకళ్ళకొకళ్ళు పంపుకున్నారు. బూతులు తిట్టేవాడు వేరు, వాణ్ణి బ్లాక్ చేసి పని చూసుకోండి.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా పెట్టుకోండి, ఇంట్లోంచి చేసేవాళ్ళు ఇంటి అడ్రస్ దాచి ఏయే ఏరియాలకి ఇస్తారో మాత్రం చూపించొచ్చు. పండక్కి కొట్టు మూస్తే టైమింగులు మార్చండి, మనిషి ఎండలో వచ్చి తాళం చూసి వెళ్తే ఒక స్టార్ ఖాయం. రివ్యూ రాస్తే డిస్కౌంట్ అనకండి, గూగుల్ ఒప్పుకోదు. బాగుందని రాసినవాళ్ళకి కూడా జవాబివ్వండి.

యాడ్స్ గురించి పెద్దగా చెప్పను. డబ్బు కట్టి పోస్టుని ఎక్కువమందికి చూపించే బూస్ట్ బటన్ కనపడగానే నొక్కకండి, ముందు ఊరికే పెట్టినప్పుడు ఏ వీడియోకి ప్రశ్నలు ఎక్కువ వచ్చాయో చూసి దానికే రోజుకి రెండొందలు, ఐదు రోజులు, మీ చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్లకే, నొక్కితే వాట్సాప్ తెరుచుకునేలా పెట్టండి. మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, లెక్కలో వేసుకోండి. ఆ అయిదు రోజులూ ఫోన్ పక్కనే ఉండాలి, డబ్బు పెట్టి పిలిచి తలుపు తీయకపోతే ఎట్లా.

జాగ్రత్తలు రెండు. నంబరు నలుగురికీ తెలిశాక దొంగలకీ తెలుస్తుంది. “ఆర్మీ క్యాంప్ నుంచి, ఇరవై కేజీలు కావాలి, అడ్వాన్స్ పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి” అని హిందీలో ఫోన్ వస్తుంది, మాకు మూడుసార్లు వచ్చింది. డబ్బు మనకి రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు, పిన్ అడిగిందంటే మన డబ్బు పోతున్నట్టే. రెండోది, వాట్సాప్ సెట్టింగ్స్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ (నంబరుకి ఇంకో పిన్ తాళం) పెట్టేయండి, ఇప్పుడే, ఇది చదవడం ఆపి. ఎస్‌ఎంఎస్‌లో వచ్చిన ఆరంకెల కోడ్ చెప్పమని సొంత చెల్లెలి నంబరు నుంచి మెసేజ్ వచ్చినా చెప్పకండి, ఆ నంబరు అప్పటికే దొంగ చేతిలో ఉండొచ్చు.

రేపు పొద్దున్నే గోంగూర కట్టలొస్తాయి, అత్తయ్య కడిగి ఆరబెట్టేలోపు ఫోటో తీసి స్టేటస్ పెట్టాలి, నోటుబుక్కులో ఎండు రొయ్యల గోంగూర అడిగినవాళ్ళు ఏడుగురున్నారు, ముందు వాళ్ళకి ఫోన్ చేసుకోవాలి.