కంప్యూటర్‌లో పేజీలు మెల్లగా తెరుచుకుంటున్నాయా? ప్లాన్ మార్చే ముందు ఇవి చూడండి

హన్మకొండ నయీంనగర్‌లో మా పక్కింటి అన్న మొన్న గేటు దగ్గరే ఆపాడు. "తమ్మీ, నెట్ మస్తు సతాయిస్తంది. 100 ప్లాన్ తీసేసి 200ది పెట్టించుకుందామనుకుంటున్న" అన్నాడు. "జర ఆగు అన్నా, చూద్దాం" అని లోపలికి వెళ్లాను. ఆయన ఫోన్‌లో యూట్యూబ్ ఆగకుండా నడుస్తోంది. పక్కనే ఉన్న కంప్యూటర్‌లో మాత్రం వార్తల పేజీ తెరిస్తే గుండ్రం తిరుగుతూనే ఉంది. రెండూ ఒకే వైఫై మీద ఉన్నాయి. ఇక లైనును అనుమానించడం ఎందుకు? 200 ప్లాన్ పెట్టించినా ఆ గుండ్రం అలాగే తిరిగేది.

పేజీ మన స్క్రీన్ మీదికి వచ్చేలోపు నాలుగు చోట్ల ఆగే అవకాశం ఉంది: వెబ్‌సైట్ సర్వర్, వీధిలోంచి వచ్చే లైను, ఇంట్లో వైఫై, మన కంప్యూటర్. ఎక్కడ ఆగుతోందో చూడకుండా కనిపించిన సెట్టింగ్ అల్లా మారిస్తే, నడిచేది కూడా ఆగిపోతుంది.

ఒక్క సైటేనా, అన్నీనా?

ఇంటర్ ఫలితాలు విడుదలైన పూట ఫలితాల సైట్ తెరుచుకోకపోతే మీ రౌటర్‌ను తిట్టుకోకండి. లక్షల మంది పిల్లలు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఒకేసారి ఆ సర్వర్ మీద పడతారు. గంట ఆగి చూడటం తప్ప మనం చేసేదేమీ లేదు. వికీపీడియా లాంటి తేలికైన పేజీ టక్కున వచ్చి, ఆ ఒక్క సైటే మొరాయిస్తుంటే, ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద అదే సైట్ తెరవండి. అక్కడా అంతే అయితే తప్పు మీ ఇంట్లో లేదు.

పింగ్ కొట్టి చూడండి

పింగ్ అంటే అవతలి యంత్రానికి చిన్న సందేశం పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం. ఇది రెండు నిమిషాల పని. విండోస్ కీ నొక్కి, ఇంగ్లిష్ అక్షరాల్లో సి, ఎం, డి అని కొట్టి ఎంటర్ నొక్కితే నల్లటి కిటికీ ఒకటి వస్తుంది. అందులో పి, ఐ, ఎన్, జి అని కొట్టి, ఖాళీ వదిలి, మీ రౌటర్ నంబర్ ఇవ్వండి. చాలా రౌటర్లకు అది 192.168.1.1, కొన్నింటికి 192.168.0.1. డబ్బా అడుగున స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. నాలుగు వరుసలు వస్తాయి. ప్రతి వరుసలో టైమ్ అన్న మాట పక్కన ఉన్న అంకె చూడండి. అది మిల్లీసెకన్ల లెక్క. తర్వాత అదే పని 8.8.8.8 తో చేయండి. అది గూగుల్ వాళ్ల సర్వర్.

అన్న ఇంట్లో రౌటర్‌కు 3, 2, 4, 3 వచ్చాయి. గూగుల్‌కు ఇరవైల్లో నిలకడగా వచ్చాయి. అంటే వైఫై, లైను రెండూ బాగున్నాయి. మా ఇంట్లో నిరుడు ఎండాకాలం ఇలా లేదు. రౌటర్‌కే 4, తర్వాత 180, తర్వాత 3, నాలుగోసారి జవాబే రాలేదు. అంకెలు రౌటర్ దగ్గరే ఇలా ఎగిరిపడితే వైఫైని చూడాలి. రౌటర్ దాకా బాగుండి, 8.8.8.8 కు ఎగిరిపడితే లైనును చూడాలి. రెండూ బాగుండి పేజీ మాత్రం రాకపోతే కంప్యూటర్ సంగతి చూడాలి.

కంప్యూటర్ లోపల

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అన్న కంప్యూటర్‌లో డిస్క్ అన్న గడి ఎర్రబడి 100 శాతం చూపిస్తోంది. ఉన్నది 4 జీబీ ర్యామ్, పాతకాలపు హార్డ్ డిస్క్. క్రోమ్‌లో లెక్కపెడితే 23 ట్యాబ్‌లు. "ఇవన్నీ ఎందుకన్నా?" అంటే "మల్ల చదువుదామని" అన్నాడు. ర్యామ్ చాలకపోతే విండోస్ ఆ బరువును హార్డ్ డిస్క్ మీదికి నెడుతుంది. తిరిగే డిస్క్ అంత వేగంగా రాయలేదు, చదవలేదు. పేజీ వచ్చినా స్క్రీన్ మీద పరుచుకోవడానికి చోటుండదు. చూసేవాళ్లకు అది నెట్ స్లో లాగే కనిపిస్తుంది.

క్రోమ్‌కు సొంత టాస్క్ మేనేజర్ కూడా ఉంది. క్రోమ్ తెరిచి షిఫ్ట్, ఎస్కేప్ నొక్కండి. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఎంత మెమరీ తింటోందో విడివిడిగా కనిపిస్తుంది. అక్కడే దొరికింది, కూపన్లు వెతికిపెడతానని ఎప్పుడో వచ్చి కూర్చున్న ఎక్స్‌టెన్షన్. తెరిచిన ప్రతి పేజీలోనూ వేలు పెడుతోంది. మీకూ అనుమానం ఉంటే ఇన్‌కాగ్నిటో కిటికీలో అదే పేజీ తెరవండి. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అందులో పనిచేయవు. అక్కడ వేగంగా వస్తే మామూలు కిటికీలో ఒక్కొక్కటే తీసేసుకుంటూ రండి.

క్యాష్ క్లియర్ చేయమని అందరూ చెప్తారు. నేను మాత్రం చివరికి వదిలేస్తాను. ఒకసారి వచ్చిన బొమ్మల్ని మళ్లీ తెచ్చుకోకుండా బ్రౌజర్ దాచుకునేదే క్యాష్. అది తుడిచేస్తే మొదటి రోజు పేజీలు ఇంకా మెల్లగా వస్తాయి. ఒక సైట్ ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంటే ఆ పేజీలో కంట్రోల్, ఎఫ్5 నొక్కితే చాలు.

పేజీ చాలాసేపు తెల్లగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా గబగబా వచ్చేస్తుంటే డీఎన్ఎస్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. సైట్ పేరును నంబర్‌గా మార్చి చెప్పే సర్వర్ అది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, సెక్యూరిటీ విభాగంలో సెక్యూర్ డీఎన్ఎస్ దగ్గర గూగుల్ గానీ క్లౌడ్‌ఫ్లేర్ గానీ ఎంచుకుని చూడండి.

అన్న కంప్యూటర్‌లో ఆ కూపన్ల ఎక్స్‌టెన్షన్ తీసేసి, ట్యాబ్‌లు ఆరుకు దించాక గుండ్రం తిరగడం తగ్గింది. వారం తర్వాత అన్న పాత హార్డ్ డిస్క్ బదులు 256 జీబీ ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయించాడు. పాత కంప్యూటర్‌కు పెట్టే డబ్బులో దీనంత పనికొచ్చే ఖర్చు నాకు కనిపించదు.

వైఫై సంగతి

మా ఇంట్లో దోషి ఇనుప బీరువా. వైరు అక్కడిదాకానే వచ్చిందని రౌటర్‌ను బీరువా వెనక మేకుకు తగిలించారు. ఇనుము సిగ్నల్‌ను దాటనివ్వదు. పింగ్ కొట్టేటప్పుడు రౌటర్ నంబర్ తర్వాత ఖాళీ వదిలి హైఫన్, టి కొడితే అంకెలు ఆగకుండా వస్తూనే ఉంటాయి. అలా పెట్టి, రౌటర్‌ను ఒక్కో చోటికి జరుపుతూ చూశాను. హాలు తలుపు పైన పెట్టగానే అంకెలు తగ్గి నిలకడగా వచ్చాయి. చాలనుకున్నాక కంట్రోల్, సి నొక్కితే ఆగుతుంది.

5 గిగాహెర్ట్జ్ పేరుతో ఇంకో వైఫై కనిపిస్తే, రౌటర్ ఉన్న గదిలో దానికే కలపండి. వేగం ఎక్కువ, కానీ గోడలు దాటేటప్పటికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై దూరం పోతుంది కానీ అపార్ట్‌మెంట్లలో అందరి రౌటర్లూ దానిమీదే ఉంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ దరిదాపుల్లోనే పనిచేస్తుంది. ఇక కదలని డెస్క్‌టాప్‌కు వైఫై ఎందుకు? రౌటర్ నుంచి నేరుగా లాన్ వైరు పెట్టేయండి. 100 కంటే పెద్ద ప్లాన్ ఉండి, వైరు పెట్టినా వేగం 95 దగ్గరే ఆగిపోతే వైరును అనుమానించండి. లోపల ఎనిమిది తీగల్లో నాలుగే సరిగ్గా కలిస్తే 100 దాటదు.

లైనే అయితే

ఫైబర్ డబ్బా మీద ఎల్ఓఎస్ అన్న చోట ఎర్ర లైటు వెలిగితే వెలుతురు రావడం లేదన్నమాట. మన వైపు ఇది ఎక్కువగా కోతుల పుణ్యం. స్లాబుల మీదుగా గంతులేస్తూ కేబుల్ పట్టుకుని ఊగుతాయి. తెగకపోయినా ఫైబర్ గట్టిగా మడత పడితే లోపలి వెలుతురు బయటికి కారిపోతుంది. కిటికీ సందులో నొక్కుకుపోయిందేమో, మేకుకు మెలిక పడిందేమో చూడండి. ఊడిన కొసను మాత్రం కళ్ల దగ్గర పెట్టుకుని చూడొద్దు, లోపల లేజర్ ఉంటుంది. బాగుచేసే అబ్బాయి వస్తే మీటర్ పెట్టి వెలుతురు ఎంత వస్తోందో రీడింగ్ చెప్పమనండి. మైనస్ 20 దగ్గర ఉంటే బెంగ లేదు. మైనస్ 27 దాటి కిందికి దిగితే నెట్ పడిపోతూ లేస్తూ ఉంటుంది.

100 ప్లాన్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. డౌన్‌లోడ్‌లో కనిపించేది మెగాబైట్లలో, ఎనిమిదో వంతు. 12 కనిపిస్తే సరిగ్గానే వస్తున్నట్టు. ప్లాన్‌కు డేటా పరిమితి ఉండి, నెలాఖరులోనే నెమ్మదిస్తుంటే కంపెనీ యాప్‌లో ఎంత వాడారో చూసుకోండి.

ఫోన్ చేసి "నెట్ స్లోగా ఉంది" అంటే "రౌటర్ ఆపి వేయండి" అంటారు, పెట్టేస్తారు. అలా కాకుండా, "లాన్ వైరు పెట్టి చూశాను, రౌటర్‌కు పింగ్ 1 వస్తోంది, 8.8.8.8 కు 150 దాటుతోంది, రోజూ రాత్రి 8 నుంచి 11 దాకా ఇంతే" అని చెప్పండి. ఫోన్‌లో ఆ నల్ల కిటికీ ఫోటో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది, వచ్చిన అబ్బాయికి చూపించొచ్చు.