కొత్త అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకుంటున్నారా? ముందు నీళ్లు వదిలి చూడండి

"కొత్త బిల్డింగే కదా, చూడ్డానికి ఏముంటుంది" అనుకుని తాళాలు తీసుకున్నవాళ్లే నెల తిరక్కుండా నాకు ఫోన్ చేస్తుంటారు. బాత్రూమ్‌లో వాసన, బెడ్‌రూమ్ గోడకు చెమ్మ, పై ఫ్లాట్‌లో పొద్దున్నుంచి డ్రిల్లింగ్ అని ఏకరువు పెడతారు. పాత ఇల్లయితే మనకన్నా ముందున్నవాళ్లు కొన్నేళ్లు కాపురం చేసి ఉంటారు కాబట్టి ఏ పైపు కారుతుందో ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. కొత్త ఇంట్లో ఆ పని మన నెత్తిన పడుతుంది. నేను ఇప్పటికి నాలుగు కొత్త ఫ్లాట్లలో మొట్టమొదటి అద్దెదారుగా దిగాను, అందులో మొదటిది మాత్రం బాగా ఏడిపించింది.

పట్టుకెళ్లాల్సినవి: ఫోను, చార్జరు, టార్చి, బకెట్, మగ్గు, ఒక నాణెం, పాత న్యూస్‌పేపర్లు. ఇంకేమీ అక్కర్లేదు.

ముందు కాగితాలు. బిల్డింగ్‌లో మనుషులు ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా, కరెంటు పర్మనెంట్ కనెక్షనా లేక కట్టేటప్పటి టెంపరరీదేనా, మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి అనేవి అడగండి. సర్టిఫికెట్ "వచ్చే వారం వస్తుంది" అంటే ఆ వచ్చే వారమే అడ్వాన్స్ ఇస్తానని చెప్పండి.

ఇల్లు చూడ్డానికి సెలవు రోజున వెళ్లొద్దు. ఆ రోజు పనివాళ్లు రారు, బిల్డింగంతా గుడిలా ప్రశాంతంగా ఉంటుంది, మీరు మోసపోతారు. పనిరోజున పొద్దున పదకొండుకి వెళ్తే ఎన్ని ఫ్లాట్లలో ఇంటీరియర్ పని నడుస్తోందో చెవులకే తెలిసిపోతుంది.

ఇక అసలు పని నీళ్లు. అందరూ కుళాయి తిప్పి, నీళ్లు రాగానే కట్టేసి "బాగుంది" అంటారు. నీళ్లు రావడం కాదండీ చూడాల్సింది, పోవడం.

బాత్రూమ్ జాలీలో మగ్గుడు నీళ్లు పోయండి. జాలీ కింద ట్రాప్‌లో, అంటే వంపు తిరిగిన పైపు ముక్కలో, నిలిచే కాసిన్ని నీళ్లే మురుగు వాసనను పైకి రాకుండా ఆపుతాయి. మనుషులు లేని ఇంట్లో అవి ఎండిపోతాయి కాబట్టి లోపలికి వెళ్లగానే వాసన వస్తే కంగారు పడక్కర్లేదు. నీళ్లు పోసి, కిటికీ తెరిచిన అరగంట తర్వాత కూడా వస్తుంటే మాత్రం ట్రాప్ పెట్టలేదనో, పైపు జాయింట్ సరిగా అతకలేదనో అనుమానించాల్సిందే.

తర్వాత వంటింటి సింక్. కింద న్యూస్‌పేపర్ పరిచి, రంధ్రం మూసి, సింక్‌ను అంచుదాకా నింపి ఒక్కసారిగా వదలండి. సన్నటి ధారకు కారని జాయింట్ ఈ బరువుకు కారుతుంది, కాగితం మీద ఒక్క చుక్క పడినా మచ్చ కనిపిస్తుంది. నా మొదటి ఫ్లాట్‌లో ఇలా చేయలేదు. పనివాళ్లు సిమెంటు చేతులు అందులోనే కడిగారో ఏమో, పైపులో సిమెంటు గడ్డకట్టి, చేరిన రెండో రోజు గిన్నెలు కడుగుతుంటే అన్నం మెతుకులతో సహా నీళ్లన్నీ పైకి తన్నాయి.

బాత్రూమ్‌లో జాలీకి దూరంగా ఉన్న మూలలో బకెట్ నీళ్లు కుమ్మరించి పది నిమిషాలు ఆగండి. నీళ్లు గుమ్మం వైపు వస్తే వాలు తప్పిందని అర్థం, టైల్స్ పగలగొట్టకుండా అది బాగుపడదు. ఆ తర్వాత కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి ఫ్లష్ కొట్టి, నీళ్లన్నీ సాఫీగా పోతున్నాయేమో చూడండి. చివరికి అన్నీ కట్టేసి, ఫ్లష్ ట్యాంకు నిండాక, ఫ్లాట్‌కు నీటి మీటరుంటే దాన్ని చూడండి. అది ఇంకా తిరుగుతుంటే ఎక్కడో కనపడని లీకు ఉన్నట్టే.

చెమ్మ సంగతి కొంచెం తిరకాసు. కొత్త కాంక్రీటు, ప్లాస్టరు ఆరడానికి నెలలు పడుతుంది కాబట్టి కొద్దిపాటి తేమ తప్పు కాదు. కానీ బాత్రూమ్ వెనక గోడ మీదో, కిటికీ కిందో అంచులు తేలిన మరక, తెల్లటి ఉప్పులాంటి పొడి కనిపిస్తే అది నీరు ఊరుతున్న చోటు కావచ్చు. ఓనర్ "రంగు వేయిస్తాం" అంటే ఒప్పుకోకండి, మరక రంగు కింద దాక్కుంటుంది, పోదు.

టైల్స్‌ను నాణెంతో తట్టండి, బోలు శబ్దం వచ్చినవి రాసుకోండి. ప్రతి ప్లగ్గులో చార్జరు పెట్టి చూడండి. కిటికీలు మూసి తెరవండి. అంతే.

దొరికినవన్నీ కాగితం మీద రాసి, తేదీ వేసి, మీరూ ఓనరూ ఇద్దరూ సంతకాలు పెట్టాలి. కొందరు వీడియో తీశాం చాలంటారు. ఇరవై నిమిషాల వీడియోలో గోడ మీద గీత ఎక్కడుందో తర్వాత ఎవరు వెతుకుతారు? కాగితం, దానికి నంబర్లు వేసిన ఫోటోలు, ఇదే పద్ధతి. బిల్డర్‌తో ఒప్పందం ఓనర్‌ది, మనది కాదు, మనం ఫోన్ చేస్తే బిల్డర్ పలకడు. అందుకే రిపేర్లు ఫలానా తేదీలోపు ఓనరే చేయిస్తారని, జాబితాలో ఉన్నవాటికి డిపాజిట్‌లో కోత ఉండదని, లిఫ్టు, నీళ్లు, కరెంటు మూడూ నడిచిన రోజు నుంచే అద్దె లెక్క అని అగ్రిమెంట్‌లో రాయించండి.

దిగాక బీరువాలను గోడకు ఆనించకండి, జానెడు ఖాళీ వదలండి. మొదటి నెలల్లో రోజూ కిటికీలు తెరవండి, పెయింటు, ప్లైవుడ్ వాసన పోవాలన్నా గోడలు ఆరాలన్నా గాలి ఆడాలి. నెలరోజులు ఊరెళ్లి వచ్చి తలుపు తీయగానే వాసన కొడితే ప్లంబర్‌కు ఫోన్ చేసే ముందు జాలీలో మగ్గుడు నీళ్లు పోయండి.